చరియ : దేశ్యమా, తద్భవమా? – ఒక పదపరిశీలన

వానకాలము వచ్చినంతనే తెలుగు వార్తాపత్రికలందు తప్పక కనబడు మాటలలో ‘కొండచరియ’ ఒకటి. 2020 అక్టోబరు 21వ తేదీన విజయవాడ ఇంద్రకీలాద్రిపై బండలు కూలినపుడును, 2021 డిసెంబరు 1వ తేదీన తిరుమల రెండవ కనుమదారిపై పెద్ద రాళ్లు పడినపుడును, 2024 జూలై 30వ తేదీన కేరళములోని వయనాడు ప్రాంతమున మన్నును నీరును కలిసి ఊళ్లను ముంచెత్తినపుడును, ఆ సంవత్సరమే ఆగస్టు 31వ తేదీన విజయవాడ మొగల్రాజపురమున ఇండ్లపై రాళ్లు పడి పలువురు మరణించినపుడును తెలుగు పాఠకునకు అందిన వాక్యము ఒక్కటియే : ‘కొండచరియలు విరిగిపడినవి’. పదము ఇంత పరిచితమైనను దాని అర్థమేమని ప్రశ్నించినచో రెండు సమాధానములు వచ్చును. చరియ యనగా కొండయొక్క నిటారైన ప్రక్క అని కొందరు, కొండనుండి ఊడిపడు బండ అని కొందరు చెప్పుదురు. పుట్టుకను గూర్చి ప్రశ్నించినచో మరల రెండు మార్గములు కానవచ్చును. ‘చర్య’ యను సంస్కృతశబ్దము యొక్క వికృతి యని ఒక మార్గము. అచ్చతెలుగు పద మని రెండవ మార్గము. ఈ రెండు ప్రశ్నలును ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. పుట్టుక తెలిసినచో అర్థము స్థిరపడును. అర్థము స్థిరపడినచో నేటి వాడుకలోని గుణదోషములు తేటపడును.

ఒకే రూపము, రెండు పదములు

తెలుగున ‘చరియ’ యను రూపము రెండు వేరు అర్థములలో కలదు. నడవడి, ఆచరణము, వర్తనము అను అర్థములందున్నది మొదటిది. ఇది ‘చర్య’కు వికృతి యనుటలో సందేహము లేదు. రేఫ యకారముల సంయోగమునడుమ ఇకారము చేరుట ప్రాకృతభాషల సామాన్యలక్షణము. పాళీయందు సూర్యశబ్దము ‘సురియ’ యైనది. భార్యాశబ్దము ‘భరియా’ యైనది. చర్యాశబ్దము ‘చరియా’ యైనది. బౌద్ధుల ఖుద్దకనికాయమున చేరిన ‘చరియాపిటకము’ పేరులోనే ఈ రూపము నిలిచియున్నది. తెలుగుకవుల కావ్యభాషకు ఈ మాట ఆ త్రోవనే చేరెను.

కొండప్రక్క, కొండయొక్క నిటారు పార్శ్వము, పడిపోవుటకు వీలైన ఎత్తయిన అంచు అను అర్థములందున్నది రెండవది. ‘కొండచరియ’ యందున్నది ఇదియే. ఈ రెండింటికిని అక్షరములు ఒక్కటియే యగుటచేత రెండును ఒకే మూలమునుండి పుట్టినవని భ్రమ కలుగుట సహజము. కాని రూపసామ్యము పుట్టుకకు సాక్ష్యము కానేరదు. ఇందుకు కొండల పరిభాషలోనే మరియొక ఉదాహరణము కలదు. తెలుగున ‘దరి’ యనగా ఒడ్డు, అంచు, చేరువ. సంస్కృతమున ‘దరీ’ యనగా గుహ. అమరసింహుడు దానిని కందరశబ్దముతో కలిపి చెప్పినాడు. ‘ఏటిదరి’ యను తెలుగు మాటను, ‘గిరిదరి’ యను సంస్కృతసమాసమును ఒకే పదమని తలంచినవాడు ఒడ్డునకు బదులు గుహను చేరును. చరియ విషయమునను అట్టి ప్రమాదమే కలదు.

‘చరించుచోటు’ అను వ్యుత్పత్తి

సంస్కృతము చదివినవారికి మొదట స్ఫురించు వ్యుత్పత్తి ఇది : ‘చర’ ధాతువునకు తిరుగుట, మేయుట అను అర్థములు కలవు, మృగములును పశువులును తిరుగుచు మేయుచు నుండు చోటు కొండప్రక్క, కావున అది చరియ. వినుటకు ఇంపైన వ్యుత్పత్తియే. అయినను దీనికి నాలుగు ఆక్షేపణములు కలవు.

మొదటిది : చర్యాశబ్దము ప్రధానముగా భావార్థకము. చేయు పనిని, నడచు తీరును అది చెప్పును. దినచర్య, వ్రతచర్య, పరిచర్య అనునవి అన్నియు పనులే. వానిలో ఏదియు చోటు కాదు. మేతచోటును చెప్పదలచినపుడు సంస్కృతము ‘గోచరము’ వంటి వేరు రూపమును కల్పించుకొనెను.

రెండవది : కొండప్రక్కను తెలుపు అర్థములో ‘చర్యా’శబ్దముగాని దాని ప్రాకృతరూపముగాని సంస్కృతకోశములందు కానరాదు. అమరకోశమున శైలవర్గము కొండ అంగములను ఒక్కొక్కటిగా పేర్కొనును. కటకము, నితంబము, స్నువు, ప్రస్థము, సానువు, ప్రపాతము, అతటము, భృగువు – వీనిలో చర ధాతుజన్యమైన పదము ఒక్కటియు లేదు. మూలభాషయందు లేని అర్థము వికృతియందు మాత్రమే పుట్టినదనుటకు బలవత్తరమైన కారణము చూపవలసియుండును.

మూడవది : మాటలకును సహవాసము కలదు. సంస్కృతమునుండి వచ్చిన ‘చర్య’ దిన, వ్రత, పరి మొదలగు సంస్కృతపదములతోను ఉపసర్గలతోను కూడును. కొండప్రక్కను చెప్పు ‘చరియ’ కొండ యను తెలుగుమాట ప్రక్కనే నిలుచును. ‘కొండచరియ’ నలుగురి నోట నున్నది. ‘పర్వతచరియ’ వినుటకే ఎబ్బెట్టుగా నుండును.

నాలుగవది : పశువులు మేయునది సామాన్యముగా కొండ దిగువ వాలు. చరియ యను మాట ముఖ్యముగా సూచించునది కాలూనుటకు వీలుకాని నిటారు పార్శ్వము. చరించుటకు అనువుకాని చోటునకు చరించుచోటను పేరు కుదురుట కష్టము.

ఉచ్చారణము చెప్పగలిగినంత

దేశ్యపదములను గుర్తించుటకు ఉచ్చారణము ఒక సాధనము. తెలుగున చకార జకారములకు తాలవ్యము, దంత్యము అను రెండు ఉచ్చారణములు కలవు. తత్సమములందు అవి తాలవ్యములే. తత్సమములు కాని పదములందు ఇ, ఈ, ఎ, ఏ అను అచ్చులతో కూడినపుడు తాలవ్యములును, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔ అను అచ్చులతో కూడినపుడు దంత్యములును అగును. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున ఈ వ్యవస్థ చెప్పబడినది. దీని ననుసరించి అకారముతో కూడిన కొండ‘చరియ’ దంత్యచకారముతో పలుకవలసినది.

అయితే ఈ సాధనమునకు హద్దు కలదు. దంత్యోచ్చారణము దేశ్యములకే పరిమితము కాదు. తద్భవములకును అది వర్తించును. కావున ఉచ్చారణమువలన తేలునది ‘చరియ తత్సమము కాదు’ అనునంతవరకే. అది తద్భవమా, దేశ్యమా అను ప్రశ్న అట్లే నిలుచును. పైగా నేటి ఆకాశవాణి, దూరదర్శనముల ప్రసారములందును, పాఠశాలలందును దంత్యతాలవ్యముల భేదము చాలవరకు సడలినది. ముద్రణమున దంత్యచిహ్నము వాడుకనుండి తొలగుటచేత క్రొత్తతరమువారికి ఆ భేదమును చూపు గుర్తుకూడ కంటబడుట లేదు. ఆచ్ఛికసమాసమగుట యను సాక్ష్యమును ఇట్టిదే. తద్భవములును ఆచ్ఛికములలో చేరుటచేత ‘కొండచరియ’ ఆచ్ఛికసమాస మనుట దేశ్యత్వమును సాధింపజాలదు. నిర్ణయమునకు సోదరభాషలను ఆశ్రయింపవలసియున్నది.

సోదరభాషల సాక్ష్యము

దక్షిణదేశభాషల పదములను ఒకదానిప్రక్క ఒకటి నిలిపి పరిశీలించు పద్ధతికి ఆరంభము తెలుగుతోనే జరిగెను. ఏ. డి. కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వ్రాసిన పీఠిక, తెలుగు తమిళ కన్నడములు సంస్కృతజన్యములు కావనియు, వాని ధాతువులు తమలో తాము సంబంధించినవనియు ఉదాహరణపూర్వకముగ చూపెను. 1856లో కాల్డ్వెల్ వ్యాకరణమును, 1961లో బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును ఆ మార్గమునే విస్తరింపజేసినవి. అదే సంవత్సరమున వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి గ్రంథము తెలుగు ధాతువులను ద్రావిడభాషల నేపథ్యమున పరిశీలించెను.

ఈ పద్ధతిలో చూచినచో తమిళమున ‘సరి’ యను క్రియ కలదు. (అక్షరము చకారమే యైనను నేడు పదాదియందు సకారముగ పలుకుదురు.) జారుట, ఒరిగిపోవుట, కుప్పనుండి రాళ్లు దొర్లుట, వాలుట అని దాని అర్థములు. దానినుండి పుట్టిన నామము ‘సరివు’. వాలు, ఏటవాలు, కొండవాలు అని అర్థము. కొండ జారిపడుటకు నేటి తమిళపత్రికలు వాడు మాట ‘నిలచ్చరివు’. నిలము అనగా నేల. సరివు అనగా జారుట. సమాసమధ్యమున ద్విత్వము వచ్చినపుడు చకారము తన అసలు ధ్వనితోనే వినబడుట గమనింపదగినది. మలయాళమున ‘చరియుక’ యనగా ఒరుగుట, ఒకప్రక్కకు వాలుట; ‘చరివు’ లేక ‘చెరివు’ యనగా వాలు; ‘మలంచెరివు’ యనగా కొండవాలు. తెలుగు ‘కొండచరియ’కు ఇంతకన్న దగ్గరి చుట్టము ఉండబోదు. ‘మల’కు బదులు ‘కొండ’ నిలిచినది, మిగిలినది ఒక్కటియే. కన్నడమున ‘సరి’, ‘జరి’ అను రెండు క్రియలు కలవు. తొలగుట, జరుగుట, జారుట అని అర్థములు.

ధ్వనుల విషయమున ఈ మాటలు నియమబద్ధముగ సరిపోవును. తెలుగు పదాదిచకారమునకు కన్నడమున సకారము వచ్చుట సామాన్యము : తెలుగు చావు, కన్నడము సావు, తెలుగు చాలు, కన్నడము సాలు. కన్నడమున ‘జరి’ యను నాదరూపమును, తెలుగున ‘జరుగు’, ‘జరుపు’ అను క్రియలును రెండవ ధ్వనిపరిణామమును చూపును. ద్రావిడభాషల ప్రాచీనదశలో పదాదియందు సరళములు లేవు; తెలుగు కన్నడములందు అవి తరువాత ఏర్పడినవి. తమిళ ‘కుడి’కి తెలుగున ‘గుడి’, తమిళ ‘కురుడు’నకు తెలుగున ‘గ్రుడ్డి’ వచ్చినట్లే, ‘చరి’ ధాతువు తెలుగున ‘జరుగు’లో సరళమును పొందెను. నామమైన ‘చరియ’ మాత్రము పూర్వరూపముతో పరుషముననే నిలిచినది. తెలుగున నామము, క్రియ వేరు దారులు పట్టుటచేతనే వాని బంధుత్వము మరుగుపడినది. క్రియ జకారముతోను, నామము చకారముతోను ఉండగా, చదువరి నామమునకు చుట్టమును సంస్కృతమున వెదకెను.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. తమిళమున ‘సారల్’ అను మాటకును కొండప్రక్క యను అర్థము కలదు. దానియందు దీర్ఘమున్నది. ఆనుకొనుట, చేరుట అను అర్థముగల ‘సార్’ క్రియకు అది రూపమున దగ్గర. అర్థసామ్యము ఉన్నంతమాత్రమున దానిని హ్రస్వధాతువుతో కలిపివేయరాదు. చరియకు సాక్ష్యముగ సరి, సరివు, చరియుక, చరివు అను హ్రస్వరూపములు చాలును. అట్లే సంస్కృతపు ‘ఝరి’ సెలయేటిని చెప్పును. కొండలలోనే వినబడు మాట యైనను చరియకు అది బంధువు కాదు.

జారుటనుండి వాలు, వాలునుండి చరియ

క్రియనుండి స్థలనామము పుట్టుట తెలుగునకు క్రొత్త కాదు. ‘వాలు’ క్రియయు, ‘వాలు’ నామమును నేటికిని కలిసియే యున్నవి. జారుటకు వీలైన నున్నని బండను పిల్లలు ‘జారుడుబండ’ యందురు. ఇది చరియ పుట్టుకకు చక్కని నమూనా. ముందుగా జారుట యను క్రియ. పిమ్మట జారు స్వభావముగల తలము. చివరకు కొండయొక్క ఆ భాగమునకే పేరు. కొండపై కాలుపెట్టినవాడు మొదట గుర్తింపవలసినది ఎచట కాలు నిలుచును, ఎచట జారును అనునది. భాష ఆ యెరుకను పేరుగా మలచెను.

ఇతరభాషలును కొండ అంచునకు ఇట్లే ప్రమాదమును బట్టి పేరు పెట్టినవి. సంస్కృత ‘ప్రపాతము’ పత ధాతువునుండి వచ్చినది, ముందునకు పడుచోటు. ‘అతటము’ అనగా తటము లేనిది. కాలూనుటకు ఒడ్డు లేని చోటు. లాటినున ‘ప్రేకెప్స్’ యనగా తలక్రిందులు; దానినుండియే ఐరోపాభాషలందు అగాధపు అంచునకు పేరు వచ్చినది. జర్మనునందు వ్రేలాడుటను చెప్పు ధాతువునుండి కొండవాలునకు ‘హాంగ్’ అను పేరు ఏర్పడెను. సంస్కృతము పడుటను చూచినది. లాటిను తలక్రిందగుటను చూచినది. జర్మను వ్రేలాడుటను చూచినది. తెలుగు, తమిళ, మలయాళములు జారుటను చూచినవి. అర్థపరిణామమున ‘జారుట – చరియ’ యను సంబంధము ‘చరించుట – చరియ’ కన్న సహజమని ఈ పోలిక బలపరచును.

పై సాక్ష్యములను కూర్చి చూడగా కొండచరియలోని చరియ దేశ్యము. నడవడిని చెప్పు చరియ తద్భవము. నిఘంటుకర్తలు ఈ రెండింటిని ఒకే ఆరోపమున అర్థభేదములుగ చూపక, వేరు వేరు ఆరోపములుగ నిలుపుట యుక్తము.

అనువాదమున చరియ స్థానము

ప్రాచ్యకళాశాలల తరగతులలో ఈ పదమునకు మరియొక ప్రయోజనము కలదు. కావ్యములందలి పర్వతవర్ణనలకు తాత్పర్యము చెప్పునపుడు కటకము, నితంబము, సానువు, ప్రస్థము, ప్రపాతము అను అన్నింటికిని ‘కొండచరియ’ యను ఒక్కమాటనే వాడుట పరిపాటియైనది. అమరసింహుడు వీనిని మూడు వేరు జట్లుగ చెప్పుటకు కారణము కలదు. కటక నితంబములు కొండ నడిమిభాగమును చెప్పును. నితంబశబ్దము దేహాంగమునుండి కొండకు ప్రాకిన రూపకము. స్ను, ప్రస్థ, సాను శబ్దములు కొండపైని చదునైన తలమును చెప్పును. ప్రపాత, అతట, భృగు శబ్దములు నిటారుగ తెగిన అంచును చెప్పును. భృగుపాత మనుమాటలో ఆ అంచునుండి పడుట యను అర్థము స్పష్టము.

తెలుగు చరియ ఈ మూడింటిలో మొదటిదానికిని మూడవదానికిని వర్తించును, రెండవదానికి వర్తింపదు. కొండప్రక్క యను విశాలార్థమున అది కటకము. కోసివేసినట్లున్న పార్శ్వ మను విశేషార్థమున అది ప్రపాతము. చదునైన సానువును చరియ యనుట పొరపాటు. సానువుపై ఆశ్రమముండవచ్చును, చరియపై ఉండుట కష్టము. అట్టిచోట ‘కొండపైని మెరక’ యనియో, ‘కొండపైని చదును’ అనియో చెప్పుట మేలు. ఒక్క పదమును సరిగా వాడినంతనే వర్ణనలోని దృశ్యము విద్యార్థి కన్నులయెదుట నిలుచును.

సికింద్రాబాదు గుట్టలు

పదము ఏ నేలపై పుట్టునో ఆ నేల రూపము దానికి అవసరము. ఈ మాటకు సికింద్రాబాదు పరిసరములు మంచి పరీక్షాస్థలము. 1806లో మూడవ నిజాము సికందర్‌జా పేరిట ఏర్పడిన ఈ పట్టణము రాళ్ల నడుమ వెలసినది. ఇచటి స్థలనామములందు కొండకు సంబంధించిన మాటలకు కొరత లేదు : అడ్డగుట్ట, నల్లగుట్ట, మౌలాలి గుట్ట, ఆంగ్లేయులు తమ నోటికి వచ్చినట్లు మార్చి వ్రాసుకొనిన తిరుమలగిరి. హైదరాబాదున నౌబత్ పహాడ్, పహాడీ షరీఫ్ అను ఉర్దూ పేర్లును కలవు. తెలంగాణ వాడుకలో గుట్ట నిత్యవ్యవహారపు మాట. యాదగిరిగుట్ట యను క్షేత్రనామమున ‘గిరి’ ప్రక్కనే ‘గుట్ట’ నిలుచుట అందుకు నిదర్శనము. గుట్ట, బండ, రాయి, గిరి, పహాడ్ అనునవి యున్నను పైని ప్రసిద్ధనామములలో చరియ మాత్రము లేదు.

కారణము నేలయందే కలదు. జంటనగరముల అడుగున నున్నది దాదాపు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల నల్లసేనపు రాయి, అనగా గ్రానైటు. ఇది వాననీటికి, ఎండవేడిమికి ఉల్లిపొరల వలె పొరలుపొరలుగ విడిపోవును. మూలలు అరిగి గుండ్రనగును. కావున ఇచట కనబడునవి బోడితలవంటి గుట్టలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు, విశాలమైన పరుపుబండలు. భువనగిరి కోటను మోయు ఏకశిల ఈ జాతి గుట్టలకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఓరుగల్లు అను పేరే ‘ఒక్క రాయి’ యను అర్థమున ఏర్పడి, సంస్కృతమున ఏకశిలానగర మైనది. ఇట్టి నేలపై జనులకు కావలసిన మాటలు గుట్ట, గుండు, బండ. ఈ గుట్టలను పగులగొట్టి ఇండ్లు కట్టుట పెరిగినపుడు వానిని కాపాడుటకు 1996లో హైదరాబాదున రాళ్ల పరిరక్షణకై ఒక సంఘము ఏర్పడెను. గుట్ట పోయినపిదప గుట్టపేరు మిగులుట నగరములందు సామాన్యమగుటచేత, స్థలనామముల నమోదునకును ఆ సంరక్షణమునకును సంబంధము కలదు.

తూర్పుకనుమలకును, శేషాచలమునకును పోయినచో నేల మారును. తిరుమలకొండల యందు ప్రాచీనమైన గ్రానైటుపై క్వార్ట్జైటు శిల పొరలుగ కూర్చుండి, అంచులందు గోడవలె తెగియుండును. ఆ రెండు శిలల నడుమనున్న కాలవ్యవధానమును భూశాస్త్రజ్ఞులు జాతీయ భౌగర్భస్మారకముగ గుర్తించిరి. 1944లో తెరచిన మొదటి కనుమదారియు, 1974లో వచ్చిన రెండవదారియు అట్టి ప్రక్కలను కోసి వేసినవే. విజయవాడ, సింహాచలము కొండలందలి ఖొండలైటు శిల వేరొక స్వభావము కలది; నీరు తగిలి మెత్తనై విడిపోవును. చరియ యను మాట చెవినిబడునది ఇట్టిచోటులనే. గుండ్రని గుట్టకు ప్రక్క వేరుగ తెలియదు. తెగిన కొండకు ప్రక్కయే ముఖ్యము.

నేటి వాడుకలో మార్పు

నేటి పత్రికాభాషలో చరియ యర్థము జరిగినది. ‘చరియలు విరిగిపడినవి’ యను వాక్యము మొదట ‘కొండప్రక్కలు విరిగి క్రిందపడినవి’ యను అర్థముననే ఏర్పడినది. ఆ వాక్యమునందు తప్ప మరియెచటను చరియను వినని పాఠకుడు, పడినది రాళ్లు గనుక చరియలనగా రాళ్లే యని గ్రహించెను. అందుచే ‘రహదారిపైనున్న కొండచరియలను తొలగించిరి’ యను వాక్యములు పుట్టినవి. చోటును చెప్పు మాట ఆ చోటునుండి ఊడిన వస్తువును చెప్పు మాటయైనది. అర్థపరిణామము భాషలకు సహజమే. దానిని దోషమని త్రోసిపుచ్చుట తగదు. కాని దానివలన కలుగు నష్టమును గుర్తింపవలెను. చరియ రాయియైనపిదప, నిలిచియున్న ప్రమాదకరమైన కొండప్రక్కను చెప్పుటకు తెలుగున సులభమైన మాట మిగులదు. కూలినపుడు మాత్రమే వినబడు మాట, కూలకముందు హెచ్చరింపజాలదు.

మరియొక చిక్కు, భిన్నమైన ఘటనలకు ఒకే వాక్యమును వాడుట. తిరుమల దారిపై 2021లో పడినవి బండలు. వయనాడున ముండక్కై, చూరల్‌మల ఊళ్లపై 2024లో వచ్చినది మన్ను, రాళ్లు, నీరు కలిసిన ప్రవాహము. మలయాళులు మన్ను విరిగిపడుటను ‘మణ్ణిడిచ్చిల్’ అనియు, కొండపైనుండి ప్రవాహముగ దూకువానిని ‘ఉరుళ్‌పొట్టల్’ అనియు వేరుపరతురు. తెలుగున రెండింటికిని ‘చరియలు విరిగిపడుట’యే. పాఠ్యగ్రంథములందలి ‘భూపాతము’ సంస్కృతసమాసముగ నిర్దుష్టమే; అయినను కొండక్రింద కాపురముండువాని నోట అది నిలుచుట లేదు.

ఈ భేదము పండితచర్చకే పరిమితము కాదు. హైదరాబాదు బాలానగరమందున్న జాతీయ దూరసంవేదన కేంద్రము 2023లో వెలువరించిన దేశపటసంపుటి, 1998 మొదలు 2022 వరకు గుర్తించిన సుమారు 80,000 ఘటనలను చూపినది. 17 రాష్ట్రములు, 2 కేంద్రపాలిత ప్రాంతములలోని 147 జిల్లాలను ప్రమాదపు తరతమములను బట్టి వరుసలో నిలిపినది. ఇట్టి విజ్ఞానము గ్రామమునకు చేరవలసినది గ్రామభాషలోనే. దానికి కావలసిన ధాతువు తెలుగున సిద్ధముగ నున్నది. నిలిచియున్న నిటారు ప్రక్క ‘చరియ’. ఆ ప్రక్కమన్ను క్రిందికి దిగుట ‘చరియ జారుట’. రాళ్లు ఊడి వచ్చుట ‘బండలు దొర్లుట’. నీటితో కలిసి పారుట ‘బురదపోటు’. తమిళుల ‘నిలచ్చరివు’తో సమానముగ ఒక్క నామము కావలసినచో ‘చరియజారు’ అని కూర్చుకొనవచ్చును. అందు రెండు మాటలును తెలుగువే, చదువురానివానికిని అర్థమగును.

ముగింపు

పై విచారణమువలన తేలినవి మూడు. కొండప్రక్కను చెప్పు చరియ, నడవడిని చెప్పు చరియ వేరు పదములు. మొదటిది జారుట, వాలుట అను అర్థముగల ద్రావిడధాతువునుండి పుట్టిన దేశ్యము. తమిళ సరివు, మలయాళ చరివు దానికి తోబుట్టువులు. తెలుగు జరుగు దానికి చుట్టము. చరియకు ముఖ్యార్థము చోటు. ఊడిపడిన రాయి యనునది నిన్నమొన్న చేరిన అర్థము.

విజయవాడ కొండక్రింద ఇల్లు కట్టుకొనువానికి ఈ వ్యుత్పత్తి అక్కరలేదని తోచవచ్చును. కాని చరియ యను పేరు పెట్టిన పూర్వులు ఆ ప్రక్క జారునదే యని ఎరిగి ఆ పేరు పెట్టిరి. పదమును దాని చోటున నిలిపినచో, ‘ఇది చరియ’ యను రెండు మాటలే ఆ ఇంటివానికి చాలినంత హెచ్చరిక యగును.